తెగాల్సిన దారం

సోమవారం పొద్దున పెద్దబల్ల మీద స్లైడ్ మూట పైతొడుగు విప్పగానే రుసియాతేకి ముందుగా తగిలింది వాసన. రబ్బరుది కాదు, టాల్కం పొడిది కాదు. మొకొసోయ్ పూలు వేసి కాచిన కొబ్బరినూనె వాసన. టోరికా అక్క తలకి రాసుకునే నూనె. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

మూటతో వచ్చిన కార్డు తిప్పి చూశాడు. మడిచి కట్టిన మనిషి గడిలో ఏడో నంబరు ముద్ర, అంటే టోరికా. దాని పక్కన 'రెండో కన్ను', అంటే సరిచూసే మనిషి గడిలో నాలుగో నంబరు ముద్ర. అది తనది.

ఆ పనిలో ఉన్న చిక్కే అది. దీవి మీది నాందీ విమానాశ్రయం వెనక, చెరకు తోటలకి ఆనుకుని ఉన్న ఆ రేకుల షెడ్డులో చేసేదల్లా ఒక్కటే పని. విమానం తలుపుల్లో మడిచి దాచే జారుడుబల్లలని మూడేళ్లకోసారి దింపి తేవడం, విప్పడం, గాలి పట్టి చిల్లులు వెతకడం, మళ్లీ మడిచి కట్టి పంపడం. వంట చేసిన చెయ్యి ఆ పూటతో మరుగున పడుతుంది. ఇక్కడ మడిచిన చెయ్యి మూడేళ్లు ఆకాశంలో తిరిగి మళ్లీ ఇదే బల్ల మీదికి వస్తుంది. ఈలోగా ఆ మనిషి ఉద్యోగం మానెయ్యొచ్చు, ఆక్లండ్ వెళ్లిపోవచ్చు, చచ్చిపోవచ్చు. మూటకి ఆ కబురు ఎవరూ చెప్పరు.

మడత మీద మడత విప్పుతుంటే పొడిలో ఆమె అరచేతి గుర్తులు బయటపడ్డాయి. సన్నటి పొడుగాటి వేళ్లు. చిటికెన వేలు కొంచెం వంకర. రుసియాతే వాటి మీద తన చెయ్యి పడకుండా పక్కనుంచి పట్టుకుని విప్పాడు. యాభై నాలుగేళ్లవాడు, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడు, పొడి మరకకి భయపడ్డాడని ఎవరైనా అంటే తన్నేవాడే. కానీ షెడ్డులో ఎవరూ లేరు.

చివరి మడతకి వచ్చాడు. అక్కడ దారం ఉంటుంది.

ఆ దారం సంగతి ముందు చెప్పాలి. ప్రమాదంలో విమానం తలుపు తెరవగానే మూట జారి కిందికి పడుతుంది, సిలిండర్ మూత ఊడుతుంది, అందులోని గ్యాస్ బయటి గాలిని కూడా తనతో ఈడ్చుకుంటూ గుడ్డలోకి దూరుతుంది. ఆరు సెకన్లలో రెండు నిలువుల ఎత్తునుంచి నేలదాకా జారుడుబల్ల తయారవుతుంది. కానీ అంతా ఒక్కసారే విచ్చుకుంటే మెలిపడుతుంది. అందుకని కొస మడతని దారంతో కట్టి ఉంచుతారు. పైభాగం ముందు నిండి బిగుసుకోవాలి, ఆ బిగువుకి దారం పుటుక్కున తెగాలి, అప్పుడు కొస విసిరినట్టు ముందుకి విచ్చుకోవాలి. లోకంలో ఎవరైనా దారం తెగకూడదనే కడతారు. ఇది తెగడానికే కట్టేది. అందుకే ఒంటి పేట.

రుసియాతే నుదుటి మీది కళ్లజోడు దింపుకున్నాడు. దారం రెండు పేటలు ఉంది.

వేలితో మీటి చూశాడు. బిగువుగా, పొందిగ్గా, అందంగా ముడివేసి ఉంది. ఇంత మంచి ముడి ఆ షెడ్డులో ఇప్పుడు ఎవరూ వెయ్యలేరు. ఈ ముడి తెగదు. తలుపు తెరిచి ఉంటే ఈ స్లైడ్ సగం ఉబ్బి, కొస విడకుండా గాల్లో వేలాడేది. వెనకనుంచి మంటలు తరుముకొస్తుంటే జనం దాని మీదికే దూకేవాళ్లు.

"ఏరా రుసీ, పొద్దున్నే దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావేం?"

షెడ్డు మేనేజరు దొర్సామి గౌండర్ టీ కప్పుతో గుమ్మంలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. తాతలనాడు చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబం. రుసియాతేని తమ్ముడిలాగే చూస్తాడు, తమ్ముడిలాగే తిడతాడు.

"ఏం లేదన్నా. నడుం పట్టేసింది."

"రెండ్రోజులు చాప మీద పడుకుని రగ్బీ చూస్తే నడుం పట్టక ఏం చేస్తుంది. పట్టనీ, బుద్ధొస్తుంది."

గౌండర్ వెళ్లేదాకా రుసియాతే చెయ్యి దారం మీంచి తియ్యలేదు. తర్వాత బ్లేడుతో కోసి, గుప్పిట్లో పెట్టుకుని వెళ్లి, చేతులు కడుక్కునేచోట తూములో వేసి పంపు తిప్పాడు. కార్డులో 'దారం సరిగా ఉంది' అని రాసి ముద్ర వేశాడు. ఇదంతా ఆలోచించి చేసింది కాదు. తేలు కుట్టిన దొంగ అరవడు కదా, అలా జరిగిపోయింది.

టోరికా అతని పెదనాన్న కూతురు. మన లెక్కలో అక్క. ఆ దీవివాళ్ల లెక్కలోనూ అక్కే, కానీ అక్కడ అక్కాతమ్ముళ్లు పెద్దయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కోపం వల్ల కాదు, గౌరవం వల్ల. ఒకరి ముఖంలోకి ఒకరు సూటిగా చూడరు, ఒకే చాప మీద కూర్చోరు. తల మీదుగా చెయ్యి చాచడమైతే చచ్చినా చెయ్యరు. అలాంటి ఇద్దరిని గౌండర్ ఒకే బల్లకి అటొకరిని, ఇటొకరిని వేశాడు. వద్దని వాళ్లూ అనలేదు. పదకొండేళ్లు అలాగే గడిచిపోయాయి.

మాట్లాడకుండా పని ఎలా సాగుతుందంటే, బల్లతో మాట్లాడేవాళ్లు. కూతురా నీకు చెబుతా, కోడలా నువ్వు విను అన్నట్టు.

"ఈ బల్ల మీద పొడి అయిపోయింది," అనేది టోరికా బల్లని చూస్తూ.

"బల్లకి నాలుగు కాళ్లున్నాయి కదా, స్టోరుకెళ్లి తెచ్చుకోవచ్చు," అనేవాడు రుసియాతే, తనూ బల్లనే చూస్తూ. అంటూనే లేచి వెళ్లి పొడి డబ్బా తెచ్చేవాడు.

"మంచిదే. బల్లకి ఈమధ్య పొట్ట కూడా పెరిగింది."

షెడ్డులో అందరూ అది చూసి పడిపడి నవ్వేవాళ్లు. గౌండర్ పెళ్లిళ్లలో కూడా అభినయించి చూపేవాడు. ఆ నవ్వులాటలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. రెండో కన్ను అంటే, కట్టే మనిషి భుజం మీదుగా వంగి, దారం ఎన్ని పేటలో కళ్లారా చూసి ముద్ర వెయ్యాలి. అక్క భుజం మీదుగా తమ్ముడు వంగడు. రుసియాతే బల్ల ఇవతలనుంచే చూసేవాడు. అక్కణ్నుంచి ఆమె చేతులు కనపడేవి, దారం కనపడేది కాదు. ఆమె పనితనం మీద అతనికున్నంత నమ్మకం ఆదివారం ఫాదిరి చెప్పే మాటల మీద కూడా లేదు. అందుకని ముద్ర వేసేవాడు.

చెరకు ఊళ్లో పుట్టి చక్కెర జబ్బుతో పోయింది టోరికా. ముందు వేళ్లు మొద్దుబారాయి, తర్వాత పాదం తీసేశారు, ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే పాతిపెట్టారు. పని మానేసే ముందు ఆఖరి రెండు నెలల్లో ఆమె కట్టిన మూటలు ఎన్నో రుసియాతే రిజిస్టరు తీసి వేలు పెట్టి చదివాడు. రెండే. ఒకటి ఇవాళ విప్పింది. రెండోది ఆపియాకీ టోంగాకీ తిరిగే విమానంలో, వెనక ఎడమ తలుపులో ఉంది. ఇంకో ఐదు వారాల్లో దింపుతారు.

ఐదు వారాలు ఎంతలో గడుస్తాయి. ఇరవై ఆరేళ్లలో ఆ షెడ్డునుంచి వెళ్లిన ఒక్క స్లైడ్ కూడా నిజంగా విచ్చుకోవాల్సిన అవసరం పడలేదు. ఈ ఐదు వారాల్లోనే పడుతుందా. ఇప్పుడు నోరు విప్పితే రెండో కన్ను ఏం చూసిందని అడుగుతారు. ముద్ర లాక్కుంటారు. అంతకన్నా ముందు అక్క పేరు బజారున పడుతుంది. రిజిస్టరు మూసేశాడు.

కానీ ఆ వెనక ఎడమ తలుపు పక్క సీటులో ఎవరు కూర్చుంటారో అతనికి బాగా తెలుసు. టోరికా కూతురు సెరువైయా ఆ విమానంలో ఎయిర్ హోస్టెస్.

మంగళవారమంతా స్లైడ్‌కి గాలి పట్టి షెడ్డు మధ్యలో ఉంచారు. ఎంత గాలి తగ్గుతోందో గంటగంటకీ మీటరు చూసి రాసుకోవాలి. ఎండ కాసినప్పుడు పసుపుపచ్చ గుడ్డ కొంచెం ఉబ్బేది, మబ్బు పట్టినప్పుడు కొంచెం తగ్గేది. రుసియాతే దానికి వీపు తిప్పి కూర్చుందామనుకున్నాడు, వీపు తిప్పితే ఇంకా భయంగా ఉంది. మధ్యాహ్నానికి వాన మొదలైంది. మిగతావాళ్లు రన్‌వే వైపు పనిమీద వెళ్లారు. మూడో గంట అంకె రాస్తుండగా బల్ల అవతలనుంచి మాట వినపడింది.

"ఈ బల్ల మీద ఎవరో అబద్ధం రాశారు."

అతను తలెత్తలేదు. పదకొండేళ్ల అలవాటు, తలెత్తి చూడకూడదు. చూడకపోయినా అవతలి కుర్చీలో ఎవరో కూర్చున్నారని తెలుస్తోంది. టోరికా వెళ్లిపోయాక ఆ కుర్చీలో కూర్చోవద్దని ఎవరూ అనలేదు, ఎవరూ కూర్చోనూ లేదు. నూనె వాసన వాన వాసనని కూడా దాటుకుని వస్తోంది.

"బల్లకి ఏమీ తెలియదు," అన్నాడు రుసియాతే గొంతు తగ్గించి.

"బల్లకి అన్నీ తెలుసు."

తర్వాత వాన చప్పుడే. మీటరు మీద ముల్లు ఉన్నచోటే ఉంది, చుక్క గాలి పోలేదు. అంత శుభ్రంగా అతికించి మడిచింది ఆ మనిషి. అంకె వెయ్యబోతే పెన్ను మొన దిగి కాగితం చిరిగింది. దెయ్యమై వచ్చి కూడా కట్టుబాటు తప్పదా, నా పేరు పెట్టి పిలవదా, అనుకున్నాడు. ఆ ఆలోచనకి నవ్వు రావాలి. ఏడుపొచ్చింది.

గురువారం మధ్యాహ్నం సెరువైయా వచ్చింది. అక్కడ మేనకోడలికి మేనమామ ఇంట్లో అడ్డన్నది లేదు. నచ్చింది ఏదైనా పట్టుకుపోవచ్చు, మేనమామ కిక్కురుమనకూడదు. సెరువైయా ఆ హక్కుని పిసరంత కూడా వదులుకునే రకం కాదు. రుసియాతే రేడియో, గొడుగు, రెండు కోళ్లు ఇప్పటికే ఆమె ఇంట్లో ఉన్నాయి.

"మామయ్యా, నీ అన్నం డబ్బా ఏది?" అంది వస్తూనే.

"సగం తిన్నాను."

"మిగతా సగం నాది కదా, నాకెందుకు చెబుతున్నావు." మూత తీసి, కొబ్బరిపాలలో ఉడికిన చేపనీ కర్రపెండలం ముక్కల్నీ చూసి, యూనిఫాం మీద పడకుండా మెడ ముందుకి చాచి నిలబడే తినసాగింది. "అత్తయ్య ఉప్పు తగ్గించింది. నీకు బీపీ వచ్చిందా?"

"నీ విమానం ఎప్పుడు?"

"రెండున్నరకి. ఆపియా. రోస్టరు అమ్మాయిని బతిమాలి మళ్లీ వెనక ఎడమ తలుపే వేయించుకున్నాను. నీకేమైనా ఆ సీటు రాసిచ్చారా అంటుంది. రాసిచ్చారే, మా అమ్మ రాసిచ్చింది అన్నాను."

ఆ సంగతి పిల్లకి చెప్పింది రుసియాతేనే. టోరికా పోయిన వారానికి, ఏడుస్తూ కూర్చున్నదాన్ని ఊరుకోబెట్టడానికి, మీ అమ్మ ఆఖరిగా కట్టిన మూట ఫలానా తలుపులో ఉందమ్మా అన్నాడు. అప్పటినుంచి ఆమె ఆ తలుపు వదల్లేదు.

"పైకి లేచేటప్పుడు ఒక చెయ్యి ఆ తలుపు అడుగున పెట్టుకుంటాను," అంది సెరువైయా నములుతూ. "నవ్వావంటే ఊరుకోను. అందరూ భయమేస్తే ప్రార్థన చేసుకుంటారు. నాకు అక్కడ అమ్మ ఉంది."

"ఇవాళ వెళ్లకు."

"ఎందుకని?"

"వానలు పడుతున్నాయి. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"నా ఒళ్లు బాగానే ఉంది. బాగాలేనిది నీకు, ముఖం చూసుకో ఒకసారి. ఇంటికెళ్లి పడుకో." డబ్బా మూతపెట్టి, అతని జేబులోని పెన్ను లాగి తన జేబులో పెట్టుకుంది. "బాగా రాస్తుందిది. వస్తా."

ఆమె షెడ్డు దాటి, గేటు దాటి, చెరకు మళ్ల పక్క దారిలో మలుపు తిరిగేదాకా రుసియాతే గుమ్మంలోనే నిలబడ్డాడు.

మూడింటికి కొంచెం ముందు ఆ విమానం షెడ్డు మీదుగా లేచింది. రేకులు అదిరాయి. రుసియాతే లేచి బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాడు. ఆ వైపుకి వెళ్లి ఎన్నడూ కూర్చున్నవాడు కాదు. టోరికా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సూదికి దారం ఎక్కించి పెట్టుకుని, మందుతో రబ్బరు కడిగేటప్పుడు వేసుకునే దళసరి తొడుగులు చేతులకి వేసుకున్నాడు. కళ్లు మూసుకుని, బల్ల మీది గుడ్డ కొసని ముడివేశాడు.

వేళ్లకి గుడ్డ తెలిసింది, సూది తెలిసింది. దారం తెలియలేదు. ఒక పేటో, రెండో, అసలు ఉందో లేదో. ఎక్కడ జారిపోతుందోనని భయం పుట్టి, చెయ్యి దానంతట అదే దారాన్ని మడిచి లాగింది, ఇంట్లో చొక్కా గుండీ కుట్టేటప్పటిలా. కళ్లు తెరిచి చూస్తే రెండు పేటలు. టోరికా వీధి వీధంతటికీ ఆదివారం బట్టలు కుట్టిపెట్టేది. స్పర్శ పోయిన చెయ్యి పాత అలవాటు దగ్గరికే పోతుంది.

"చెప్పాను కదా," అంది గొంతు.

ఈసారి అది బల్ల అవతలనుంచి వచ్చింది. అంటే అతను రోజూ కూర్చునే వైపునుంచి.

చెప్పింది. అతను మర్చిపోనూ లేదు. మర్చిపోయినట్టు తన దగ్గర తనే మూడేళ్లు నటించాడు, అంతే. అది రగ్బీ సెవెన్స్ ఫైనల్ రోజు. ఊరంతా టీవీల ముందు చేరింది, గౌండర్ ఆఫీసులోంచి కేకలు వినపడుతున్నాయి. ఆ రెండో మూట పూర్తికావడానికి ఒక్క ముడే మిగిలింది. టోరికా ఆ ముడి వేసి, చాలాసేపు దాన్ని వేళ్లతో తడుముతూ కూర్చుంది. తర్వాత బల్లతో అంది:

"ఈ బల్ల దగ్గర ఎవరికో వేళ్లు చచ్చిపోయాయి. దారం ఒక పేటో రెండు పేటలో తెలియట్లేదు. పోయిన మూటకీ అంతే అయింది. కళ్లున్నవాళ్లు లేచొచ్చి ఒక్కసారి వంగి చూస్తే బాగుండు."

లేచొచ్చి వంగి చూడమంది. కట్టుబాటు తప్పమని, పెద్దది తనే అడిగింది. పదకొండేళ్లలో ఆమె అలా అడగడం అదే మొదలు. దానికెంత సిగ్గు పడి ఉంటుందో అతనికి అప్పుడే తెలుసు.

"బల్లకి చెవుడొచ్చింది," అన్నాడు రుసియాతే, అప్పటికే లేచి చేతుల పొడి దులుపుకుంటూ. "ఫైనల్ అయ్యాక వింటుంది."

టోరికా నవ్వింది. ఫైనల్ గెలిచారు. అరుచుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ తిరిగొచ్చి, మూతపెట్టేసి ఉన్న మూట కార్డు మీద నాలుగో నంబరు ముద్ర కొట్టాడు. అతన్ని చూడకుండా ఆపింది కట్టుబాటు కాదు. ఆరోజు కట్టుబాటు చాటున దాక్కోవడం హాయిగా ఉంది. లేచి చూస్తే ముడి విప్పాలి, విప్పితే గౌండర్‌కి చెప్పాలి, చెబితే ఆమెని ఇంటికి పంపుతారు, ఇవన్నీ అయ్యేసరికి మ్యాచ్ అయిపోతుంది.

తొడుగులు ఊడబీకి గౌండర్ ఆఫీసుకి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. సోమవారం విప్పిన మూట సంగతి, కార్డు మీద రాసిన అబద్ధం, ఆకాశంలో ఉన్న రెండో మూట సంగతి చెప్పాడు. గౌండర్ మాట పూర్తి కాకముందే ఫోను అందుకున్నాడు. దిగేటప్పుడు ఏమైనా జరిగినా ఆ తలుపు తెరవొద్దని, తిరుగు ప్రయాణంలో వెనక సీట్లు ఖాళీగా ఉంచమని కబురు పంపాడు. దిగడానికి ఇంకా గంట పైనే ఉంది. ఇద్దరూ గోడ గడియారం కింద కూర్చున్నారు. ఆ గంటలో రుసియాతేకి షెడ్డులోంచి ఎవరో బల్లని గోటితో మీటుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. గౌండర్‌కి వినపడుతోందేమో అడగడానికి ధైర్యం చాలలేదు. క్షేమంగా దిగిందని ఫోను వచ్చాక గౌండర్ ముఖం తుడుచుకున్నాడు.

"ఆ దారం ఏది?"

"తూములో వేశాను."

"శభాష్." గౌండర్ కాసేపు కాగితాలు అటూఇటూ జరిపాడు. "ఇటు చూడరా. చచ్చినావిడ ఉద్యోగం ఎవడూ పీకలేడు. జబ్బు మనిషి, వేళ్లు పనిచెయ్యలేదు, ఎవరికీ చెప్పలేదు, పొరపాటు జరిగింది. అలా రాయి. రెండో కన్నుకి కనపడే అవకాశం లేదని నేను రాస్తాను. నీకు పదవీ విరమణకి ఇంకా ఆరేళ్లుంది."

"ఆమె చెప్పింది అన్నా."

"ఎవరికి?"

రుసియాతే ఆ ఫైనల్ రోజు సంగతి చెప్పాడు. గౌండర్ మొదట నమ్మలేదు, తర్వాత నమ్మాడు, ఆ తర్వాత కుర్చీలో వెనక్కి ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

"మీరిద్దరూ మాట్లాడుకోరని నాకు తెలుసు," అన్నాడు చివరికి. "వేరే బల్లకి మార్చాల్సింది నేను. తమాషాగా ఉందని ఉంచాను. పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వాను కూడా." లేచి సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి ఇచ్చాడు. "అయితే ఉన్నది ఉన్నట్టు రాయి. నా మాట నేనూ రాస్తాను."

ఉన్నది ఉన్నట్టే రాశాడు. కట్టిన మనిషి తన వేళ్ల సంగతి చెప్పిందని, రెండో కన్ను విని కూడా చూడలేదని. కింద తన ముద్ర వేసి, ముద్రని కూడా కాగితం మీదే వదిలేశాడు.

శనివారం పొద్దున షెడ్డు వెనక ఖాళీ స్థలంలో, తలుపు ఎత్తున ఉన్న ఇనప చట్రానికి ఆ రెండో మూట బిగించారు. మొదటి దారం తూముపాలయింది కాబట్టి, రెండు పేటల దారం నిజంగా తెగదో లేదో తేల్చుకోవాలంటే దీన్ని విడిచి చూడ్డమొక్కటే దారి. సెరువైయా పిలవకుండానే వచ్చింది. ఆపియాలో కెప్టెన్ ఆమెని ముందు సీటుకి మార్చినప్పటినుంచి అందరినీ అడుగుతూనే ఉంది, ఎవరూ సరిగా చెప్పలేదు.

"మామయ్యా, అమ్మ కట్టినదాన్ని ఎందుకు దింపారు? ఐదు వారాలు టైముంది కదా."

"చూడు," అన్నాడు రుసియాతే. అంతకన్నా చెప్పలేక తాడు లాగాడు.

మూట జారింది. బుస్సుమంటూ గాలి దూరింది. పైభాగం ఒక్క ఊపున ఉబ్బి బిగుసుకుంది. గౌండర్ గడియారం చూస్తూ పైకే లెక్కపెడుతున్నాడు. నాలుగు, ఐదు, ఆరు. కొస విడలేదు. గుడ్డ కిందికి వంగి, బిగువుకి వణుకుతూ, లోపలికి ముడుచుకుని వేలాడింది. పదకొండు, పన్నెండు. దారం తెగలేదు. ఇరవై దాకా వచ్చి గౌండర్ లెక్క ఆపేశాడు. అతుకుల దగ్గర గాలి సన్నగా మూలిగింది. నేలకీ గుడ్డకీ మధ్య ఇంకా ఒక నిలువు ఎత్తుంది.

సెరువైయా దగ్గరికి వెళ్లి పైకి చూసింది. రెండు పేటల దారం కింద నిలబడ్డా కనపడుతోంది. అమ్మ కట్టు, అమ్మ ముడి, చూడగానే గుర్తుపట్టే ముడి. కూతురి బడి గౌన్లన్నింటికీ వేసిన ముడే అది.

"అమ్మ పొరపాటు చెయ్యదు," అంది.

"వేళ్లకి స్పర్శ పోయిందమ్మా. ఆ జబ్బులో అలా అవుతుంది."

"అమ్మకి తెలుసా, పోయిందని?"

"తెలుసు."

"తెలిసి ఊరుకుందా? ఎవరికీ చెప్పలేదా?"

గౌండర్ అటు తిరిగి నిలబడ్డాడు. రుసియాతే నోటిదాకా ఒక మాట వచ్చింది. బల్లకి చెప్పింది, అనొచ్చు. అది అబద్ధమూ కాదు. ఊళ్లో ఏ పెద్దమనిషైనా తలాడించి, పాపం కట్టుబాటు అలాంటిది అంటాడు. ఈ పిల్ల కూడా అంటుంది. జీవితాంతం పాపం మామయ్య అంటుంది.

"నాకు చెప్పింది," అన్నాడు. "లేచొచ్చి చూడమని నన్నే అడిగింది. నాకు వినపడింది. మ్యాచ్ చూడ్డానికి వెళ్లిపోయాను."

పైన గుడ్డ ఇంకా వణుకుతూనే ఉంది.

"రెండేళ్లు ఆ తలుపు మీద చెయ్యి వేసి అమ్మ ఉందనుకున్నాను," అంది సూటిగా అతని కళ్లలోకి చూస్తూ. "అక్కడ ఉన్నది నువ్వన్నమాట."

రుసియాతే తల దించుకోకుండా విన్నాడు.